హీటర్ గారు, బ్యాక్టీరియా గారు

"నా పిల్లలందర్నీ ఉడకబెట్టేశారు కదండీ!"

ఆ కేకకి ఎలక్ట్రీషియన్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారిపోయింది. నర్సరీ షెడ్డు గుమ్మంలో ల్యాబ్ అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో థర్మామీటర్, కళ్ళల్లో నిప్పులు.

"ఎవరి పిల్లలండీ?"

"నా బ్యాక్టీరియా! వేళ్ళకి తిండి అందించే మంచి బ్యాక్టీరియాని నిన్ననే ఈ మట్టిలో కలిపాను. మీరేమో కింద హీటర్ తీగలు పరిచి పొయ్యి చేసేశారు."

"ఈ చలిలో మట్టి వెచ్చగా ఉంటేనే మొక్క లేస్తుంది. మీ పురుగుల వల్ల ఏమవుతుంది?"

"పురుగులా!"

నర్సరీ యజమానురాలు, అంటే అతని పిన్ని, తల పట్టుకుంది.

"ఆపండర్రా! చెరో ట్రేలో టమాటా మొక్కలు పెంచండి. నువ్వు వేడితో, ఆ అమ్మాయి బ్యాక్టీరియాతో. గెలిచినవాళ్ళకే ఇక్కడ ఉద్యోగం. అక్క కొడుకువని నిన్నేం వదలను."

అప్పట్నుంచి అతను హీటర్ గారు, ఆమె బ్యాక్టీరియా గారు. ఓ మధ్యాహ్నం అతను ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ అవెలా ఉంటాయండీ?"

ఆమె మైక్రోస్కోప్‌లో చూపించింది. అతను బ్యాక్టీరియాని చూశాడు. తర్వాత ఆమెని చూశాడు, ఇంకాస్త ఎక్కువసేపు.

"చలికి ముడుచుకు పడుకున్నాయి," అంది దిగులుగా. "గోరువెచ్చగా ఉంటే చకచకా పనిచేస్తాయి. మీ మొక్కలు గబగబా లేచాయిగా, మరి ఆకులెందుకు పాలిపోయాయి?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

వారం తిరిగేసరికి ఆమె మొక్కలు ఒక్కసారిగా లేచాయి, అతని మొక్కలకి పచ్చదనం వచ్చింది. అదెలా జరిగిందని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

తీర్పు రోజున రెండు ట్రేలూ ఒకేలా నిగనిగలాడుతున్నాయి. పిన్ని ఆమె ట్రే పైకెత్తింది. కింద హీటర్ తీగ!

"నేనే పెట్టాను పిన్నీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "సన్నటి వేడే. ఆవిడ ఓడిపోతే వెళ్ళిపోతుందని..."

ల్యాబ్ అమ్మాయి నోరు తెరిచింది. "అయ్యో! నేను మీ ట్రేలో బ్యాక్టీరియా పోశాను కదండీ!"

"మీరా? ఎందుకూ?"

"మీరు వెళ్ళిపోతే నేనెవరితో పోట్లాడాలి?"

పిన్ని ఇద్దర్నీ కొరకొరా చూసింది. మళ్ళీ మొక్కల్ని చూసింది.

"పోటీని చెడగొట్టారు. కానీ ఇంత మంచి నారు నా చేతుల్లో ఎప్పుడూ రాలేదు. ఇకమీదట ఇద్దరూ కలిసే పనిచేయాలి. అమ్మాయ్, మీ అమ్మగారి నంబరివ్వు, మాట్లాడతాను."

"పిన్నీ! నేనింకా ఈవిడకే చెప్పనేలేదు!"

"తీగ పెట్టావుగా, ఇంకేం చెప్తావురా?"

అయినా చెప్పాడు, చెవులు ఎర్రబడుతుండగా. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె స్పష్టంగా విన్నది. అయినా మళ్ళీ చెప్పమంది.