గాలివాన డబ్బా

"వాతావరణం ఆఫీసులో ఉద్యోగమన్నారు. వాన కూడా మీరే కురిపిస్తారని చెప్పలేదే!"

జీవన్ కుమార్ వెనక్కి తిరిగాడు. బందరులో ఆ మేడ మీది గదిలో అద్దెకు దిగాక అది మొదటి ఆదివారం. ఉతికిన జీన్స్ ప్యాంట్లు రెండూ సరిగ్గా పిండకుండానే తీగ మీద వేశాడు. వాటి కింద తెల్లటి పంచె పరిచి ఉంది. పంచె నిండా సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు. ముక్కల మీద టపటపా నీలం చుక్కలు.

మెట్ల తలుపు దగ్గర ఒక అమ్మాయి. చర్చికి కట్టుకెళ్లిన చీర కొంగు నడుముకు దోపి, చేతిలో ఇంకో పళ్లెం ముక్కలతో నిలబడి ఉంది. ఇంటివాళ్ల మనవరాలు దీవెన ఈమేనని అతనికి అర్థమైంది.

"సారీ అండీ. చూసుకోలేదు."

"చూడ్డమే కదండీ మీ ఉద్యోగం?"

జీవన్‌కి సమాధానాలు ఎప్పుడూ ఆలస్యంగానే తడతాయి. ఎదుటి మనిషి వెళ్లిపోయాక ఖాళీ మెట్లతో చెప్పుకునే జవాబులు మాత్రం భలే బాగుంటాయి. ఈసారి అవి కూడా తోచేలోపే కిందినుంచి ముసలి గొంతు వినిపించింది.

"తడిపినోణ్ణి కిందికి పంపవే దీవెనా! కొత్తవి వాడే తరుగుతాడు."

అలా మొదలైంది. దీవెన మామ్మ వెంకాయమ్మ వంటింట్లో కింద కూర్చుని, కత్తిపీట ముందు జీవన్ కన్నీళ్లు కారుస్తుంటే, పక్కన దీవెన చాకుతో చకచకా తరిగేస్తోంది. ఆమె కంట్లో చుక్క తడి లేదు.

"మీకు మండదాండీ?"

"మాకు అలవాటు. సన్నగా తరగండి. పకోడీలకు కాదు, ఎండబెట్టడానికి."

"ఇన్నెందుకండీ? బజార్లో ఏడాది పొడుగునా దొరుకుతాయిగా?"

వెంకాయమ్మ నవ్వింది. "గుడివాడోడివి కదా, అట్టాగే అంటావు. మాది నాగాయలంక అవతల. ఉప్పెన వచ్చిన ఏడు మా ఇంట్లో గోడ కూడా మిగల్లేదు. ఎవరో పుణ్యాత్ములు గంజి పోశారు. ఉప్పు ఉంది, ఉల్లిపాయ లేదు. పోయినోళ్ల కోసం ఏడవాల్సింది పోయి, ఉల్లిపాయ ముక్క కోసం ఏడ్చాను నాయనా. సిగ్గేసింది. అప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం ఒక డబ్బా నింపుతాను."

అటక మీద పెద్ద రేకు డబ్బా ఉంది. దాన్ని ఆ ఇంట్లో గాలివాన డబ్బా అంటారు. రోహిణి కార్తె దాటకుండా నింపి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి మూసేస్తారు. గాలివాన వచ్చి కరెంటూ బజారూ బంద్ అయితేనే తీస్తారు. ఆ ఏడు రాకపోతే, క్రిస్మస్ నాడు మాంసం కూరలో వేసి దేవుడికి స్తోత్రం చెప్పుకుంటారు. మధ్యలో ముట్టుకోకూడదు.

జీవన్ ఒంటరిగా ఉండడానికి అలవాటుపడిన మనిషి. గాలి వేగం, వేడి, తేమ, వీటిని కొలిచి అంకె వేసేస్తే పని అయిపోతుంది. అవి తిరిగి ఏమీ అడగవు. ఆ ప్రశాంతత కోసమే ఆ ఉద్యోగంలో చేరాడేమోనని అప్పుడప్పుడు అనుమానం కూడా వచ్చేది. అలాంటివాడు ఆ ఆదివారం తర్వాత ప్రతి సాయంత్రం ఆఫీసునుంచి పెందరాళే రావడం మొదలుపెట్టాడు. డాబా మీద కాకుల్ని తోలడం, పంచె మీద దోమతెర కప్పడం, ముక్కలు తిరగెయ్యడం, అన్నీ తనవే అన్నట్టు చేశాడు.

దీవెన గుడివాడలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పొద్దున రైలుకి వెళ్లి చీకటిపడే వేళకు వస్తుంది. వస్తూనే మెట్ల మీదినుంచి అరుస్తుంది.

"ఏవండీ వాతావరణం! రేపు ఎండా, వానా?"

"ఎండేనండీ. మధ్యాహ్నం తర్వాత కొంచెం మేఘాలు రావచ్చు."

"రావచ్చు అనకండి. వస్తాయో రావో చెప్పండి."

"అలా చెప్పకూడదండీ, మా రూలు."

"మీ రూల్‌తో ఉల్లిపాయలు ఎండవు సార్."

గుడివాడలో ఉన్న తల్లి కృపాకుమారి మోకాళ్ల నొప్పికి దీవెన దగ్గరికే వెళ్లమని జీవనే చెప్పాడు. ఒక సాయంత్రం తల్లి ఫోన్ చేసింది.

"ఆ అమ్మాయి చెయ్యి మంచిదిరా. కాలు వంచమంటుంది, చాపమంటుంది. కబుర్లన్నీ చెబుతుంది. నీ గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు."

"అడగడానికి ఏముందమ్మా?"

"పిచ్చి సన్నాసీ! మీ ఇంట్లో అద్దెకున్నవాడి తల్లి ఎదురుగా కూర్చుంటే ఎవరైనా ఏదో ఒకటి అడుగుతారు. అసలేమీ అడగలేదంటే, అడగాలని ఎంత ఉందో!"

జీవన్ నమ్మలేదు. అడగకపోవడానికి అతను మామూలుగానే ఒక అంకె వేసుకున్నాడు. సున్నా. పైగా ఇంకో చిక్కు ఉంది. బందరు వచ్చిన కొత్తల్లో, ఈ ఊళ్లో నాకెవరున్నారు అనుకుని హైదరాబాద్ ఆఫీసుకు బదిలీ కోరాడు. అది ఇప్పుడు మంజూరైంది. శుక్రవారంలోగా వస్తాడో రాడో చెప్పాలి. ఆ సంగతి దీవెనకు చెప్పాడు కూడా.

"వెళ్తారా?" అంది ఆమె, దోమతెర సరిచేస్తూ.

"వెళ్లచ్చు."

"మంచిది." ఆమె దోమతెరను అప్పటికే సరిచేసిన చోట మళ్లీ సరిచేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"జీవన్ గారూ, ఇవాళ నాకు లేటవుతుంది. మామ్మ మెట్లెక్కలేదు. డాబా మీది ముక్కలు కిందికి దించి పెట్టండి, చాలు. ఆఖరి వాయి, జాగ్రత్త."

చాలు అన్న మాట అతనికి చాల్లేదు. ఆఫీసు వదిలాక పరుగున ఇంటికొచ్చాడు. పంచె ఎత్తి ముక్కలన్నీ డబ్బాలో పోశాడు. గలగలమనాల్సిన ముక్కలు మెత్తగా జారాయి. చెవి ఆ సంగతి విన్నది. మనసు మాత్రం అప్పటికే చీకటిపడే వేళకు వెళ్లిపోయి, డబ్బా చూసి దీవెన ఏమంటుందో ఊహిస్తోంది. కొవ్వొత్తి వెలిగించి మూత చుట్టూ మైనం పోశాడు. వేలు కాల్చుకుని, ఆ మంటను కూడా ఇష్టపడ్డాడు.

దీవెన వచ్చి చూసింది.

"మీరే మూసేశారా? మైనం కూడానా?"

"ఆఁ."

ఆమె డబ్బా చుట్టూ వేలితో తడిమి చూసింది. "మామ్మ పోసినదానికన్నా నున్నగా ఉంది." ఆ రోజు మొదటిసారి మెట్ల మీద అతని పక్కన కూర్చుంది. ఆసుపత్రి కబుర్లు, రైల్లో సీటు కోసం గొడవలు, చిన్నప్పుడు మంగినపూడి అలల్లో చెప్పు పోగొట్టుకున్న సంగతి, అన్నీ చెప్పింది. జీవన్ వింటూ, తనను ఎవరో లోపలి గదిలోకి రానిచ్చినట్టు అనుకున్నాడు.

తెల్లవారి ఆఫీసు ఆవరణలో తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి తేమ కొలుస్తున్నప్పుడు, పెన్ను ఆగిపోయింది.

నిన్న సాయంత్రం అంకె పై వరసలోనే ఉంది. తన చేత్తో తనే వేసింది. మూడు దాటాక బందరుకు సముద్రం మీదినుంచి పైరగాలి తిరుగుతుంది. గాలి చల్లబడుతుంది, తేమ తన్నుకొస్తుంది. మిట్టమధ్యాహ్నం అప్పడంలా విరిగే ముక్క, సాయంత్రానికి అప్పడం కాదు, నానిన అట్ట. అందుకే ఆ ఇంట్లో ఎప్పుడూ ఎండ నెత్తిమీద ఉండగానే నింపుతారు. ఆ వేళకు తను ఆఫీసులో ఉంటాడు గనక ఎప్పుడూ చూడలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేని మనిషి అనుకున్నారు. నిన్న కూడా ఫోన్ చేసిన వెంటనే ఎండలోనే వచ్చి నింపాడనుకుని ఉంటుంది దీవెన.

తేమ కొలవడానికి జీతం తీసుకునే మనిషి, తడి ఉల్లిపాయల్ని డబ్బాలో పెట్టి సీలు వేశాడు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గాలివాన రాకుంటే మూత క్రిస్మస్ దాకా తియ్యరు. అప్పటికి తను హైదరాబాద్‌లో ఉండచ్చు. బూజు పట్టినా, నున్నగా మైనం పోసిన మంచి కుర్రాడిగానే మిగులుతాడు. చెబితే నిన్నటి మెట్లు పోతాయి. అక్కడే నిలబడి తనను తాను చూసుకున్నాడు. భయం బూజు గురించి కాదు. డబ్బా మూత తీసే రోజున తను ఆ ఇంట్లో లేకపోవడం గురించి.

లోపలికి వెళ్లి హైదరాబాద్‌కి రెండు లైన్ల జవాబు రాసి పంపాడు. సాయంత్రం రైలు వేళకు బందరు స్టేషన్‌కి వెళ్లి నిలబడ్డాడు.

దీవెన దిగింది. అతన్ని చూసి ఆగిపోయింది.

"మీరేంటి ఇక్కడ? ఎవరి కోసం?"

"మీ కోసమేనండీ. ఒక విషయం చెప్పాలి."

ఆమె భుజాన బ్యాగు సర్దుకుంది. చున్నీ సర్దుకుంది. వెనక దిగేవాళ్లు తోసుకుంటున్నా కదల్లేదు.

"ఇంటి దగ్గర చెప్పకూడదా?"

"మామ్మగారి ముందు ధైర్యం చాలదు."

"సరే. చెప్పండి." ఆ గొంతు ఎప్పుడూ విననంత మెత్తగా ఉంది.

"ఉల్లిపాయలు మెత్తబడిపోయాయండీ."

"ఏంటీ?"

పైరగాలి, తేమ, సాయంత్రం అంకె, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. దీవెన ముఖం ఎర్రబడింది.

"ఇది చెప్పడానికి స్టేషన్ దాకా వచ్చారా?"

"అవునండీ."

"ఇంకేం లేదా?"

"ఇంకేం..."

ఆమె విసవిసా నడిచి వెళ్లి ఆటో ఎక్కేసింది. ఇంత కోపం ఉల్లిపాయల కోసం కాదని జీవన్‌కి తట్టేసరికి ఆటో కదిలింది. ఎదురుగా వస్తున్న సైకిలువాణ్ణి తప్పించుకుంటూ పరిగెత్తాడు.

"ఉందండీ! ఇంకా ఉంది!"

టీ కొట్టు దగ్గరివాళ్లంతా తిరిగి చూశారు. ఆటో ఆగింది. దీవెన తల బయటపెట్టింది. నవ్వు ఆపుకుంటోంది.

"ఊరందరికీ చెబుతారా? ఎక్కండి. ముందు మామ్మకి డబ్బా సంగతి చెప్పండి. మిగతాది తర్వాత."

వెంకాయమ్మ అంతా విని, చాకు తెమ్మంది. మైనం తనే కోసింది. మూత తియ్యగానే పులిసిన తియ్యటి వాసన కొట్టింది. ఒక ముక్క తీసి వంచింది. విరగలేదు.

"డిసెంబరుకి నువ్వు ఇక్కడుండవంటగా?"

"ఉండనేమో అనుకున్నానండీ."

"మరి చెప్పకుండా పోతే అడిగేదెవరు?"

జీవన్ డబ్బా మూత చేతిలోకి తీసుకున్నాడు. "గాలివాన వస్తే తియ్యాల్సిన డబ్బా కదండీ. ఆ రోజు మీరు మూత తీసి చూసుకుంటే..."

వెంకాయమ్మ అతని ముఖంలోకి చూసింది. తర్వాత మనవరాలి ముఖంలోకి.

"దీవెనా, ఇవి పారెయ్యకు. ఎండురొయ్యలేసి ఇగురు పెట్టు, ఈ పూటకి సరిపోతాయి. ఏవయ్యా, కత్తిపీట అక్కడే ఉంది. మళ్లీ మొదలెట్టు. ఈసారి నిండేదాకా నువ్వు ఎక్కడికీ కదలడానికి లేదు."

మళ్లీ ఎండేదాకా దీవెన ఆ మిగతాది అడగలేదు. అతను చెప్పబోతే, "ముక్కలు తిరగెయ్యండి" అంది.

ఆదివారం చర్చినుంచి వచ్చీ రాగానే ఇద్దరూ డాబా ఎక్కారు. పన్నెండు దాటింది. కాళ్లు కాలుతున్నాయి. దీవెన ఒక ముక్క తుంచింది. ఠక్కుమంది. సగం తన నోట్లో వేసుకుని సగం అతనికి ఇచ్చింది. ముక్కలు డబ్బాలోకి గలగలా జారాయి.

"హైదరాబాద్‌కి ఏమన్నారు?"

"రానని రాసేశాను."

"ఎప్పుడు? మొన్న మామ్మ కదలద్దన్నాకా?"

"కాదండీ. ఆ పొద్దునే. మీకోసం స్టేషన్‌కి రాకముందే."

దీవెన చేతిలో కొవ్వొత్తి వంగింది. "అంటే... డబ్బా సంగతి విని నేను ఛీ పొమ్మంటే?"

"బందరులోనే ఉండేవాణ్ణి. ఇల్లు మారేవాణ్ణేమో. రోజూ మీ రైలు వేళకు మాత్రం అటువైపు పని పెట్టుకునేవాణ్ణి." ఈసారి ఆమె వైపు తిరిగాడు. "నాకు మీరంటే ఇష్టం దీవెనా. ఈ మాట మీరు వెళ్లిపోయాక మెట్లకు చాలాసార్లు చెప్పాను."

ఆమె కొవ్వొత్తి వెలిగించింది.

"మెట్లేమన్నాయి?"

"ఏమీ అనలేదు."

"వాటికి సిగ్గెక్కువ. నాక్కూడా." తల వంచి నవ్వింది. "మీ అమ్మగారికి మంగళవారం అపాయింట్‌మెంట్ ఉంది. సంబంధం సంగతి నేనే కదుపుతాను."

"మీరా?"

"మోకాలు నా చేతిలో ఉన్నప్పుడు ఆవిడ కాదనలేరు."

"ఏవర్రా, అయిందా?" వెంకాయమ్మ కిందినుంచి కేకేసింది. "వాళ్లమ్మని మోకాళ్లు జాగ్రత్తగా రమ్మనండి, మెట్లున్నాయి!"

ఇద్దరూ ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి, తర్వాత పగలబడి నవ్వారు.

"మూత గట్టిగా పట్టుకోండి" అంది దీవెన.

జీవన్ రెండు చేతులతో మూత అదిమి పట్టాడు. ఆమె ఒక చెయ్యి అతని చేతుల మీద వేసి, రెండో చేత్తో అంచు చుట్టూ మైనం పోసింది. ఆరేదాకా కదపకూడదంది.

మైనం ఎప్పుడో గట్టిపడింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.