హాజరు పట్టీలో లేని పేరు

పోశం అని పేరు పిలిస్తే పలకడానికి ఆ మనిషికి ఎప్పుడూ కొంచెం ఆలస్యమయ్యేది. సారలమ్మకు అతని మీద మొదటి కోపం అక్కడే వచ్చింది.

అది డెబ్భై నాలుగు, వానాకాలం. గోదావరిఖని కార్మికుల వాడలో ఒక రేకుల షెడ్డు. పొద్దుటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి, చెవుల వెనక ఇంకా కొంచెం బొగ్గు మిగుల్చుకుని పదకొండు మంది బెంచీల మీద కూర్చునేవారు. పై పోస్టుకు పరీక్ష రాయాలంటే రిపోర్టు ఇంగ్లీషులో రాయడం రావాలి. బొగ్గుబాయిలో పనిచేసే గట్టయ్య కూతురు సారలమ్మ కరీంనగర్‌లో బి.ఎ. చదివి వచ్చింది కాబట్టి సాయంత్రాలు ఆమె పాఠం చెప్పేది.

"పోశం," అంది సారలమ్మ.

అతను పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

"పోశం."

పక్కనున్న సదయ్య అతని మోకాలు గిల్లాడు.

"హాజర్, పంతులమ్మ."

"ఎన్నిసార్లు పిలవాలె? సొంత పేరు యాదికుండదా?"

"వాన సప్పుడుల వినపడలె."

"మిగిలిన పదిమందికి వాన లేదా?"

అందరూ నవ్వారు. అతను మాత్రం తల దించుకుని నోటుబుక్కు తెరిచాడు. పొగరు అనుకుంది సారలమ్మ.

కానీ పొగరుబోతు ఇంత బాగా చదువుతాడని ఆమె అనుకోలేదు. నెల తిరిగేసరికి అందరికంటే ముందున్నాడు. క్లాసు అయ్యాక అనుమానాలు అడిగేవాడు. ఆ అనుమానాలు షెడ్డులో మొదలై ఆమె ఇంటి గల్లీ మొదట్లో గాని తీరేవి కావు. ఒకనాడు దారిలో వాన పట్టుకుంటే తన బాయి టోపీ తీసి ఆమె చేతిలోని పుస్తకాల మీద పెట్టాడు.

"నీ తల తడుస్తున్నది గదా," అంది ఆమె.

"తల ఆరుతది, పంతులమ్మ. పుస్తకం ఆరినా అక్షరాలు మిగులయి."

ఆ రాత్రి అన్నం తింటూ ఆమె ఎందుకో రెండుసార్లు నవ్వుకుంది. గట్టయ్య చూడనట్టే చూశాడు.

"ఆ పిల్లగాడెవలు, బిడ్డా?"

"నా స్టూడెంట్, బాపూ."

"స్టూడెంట్‌కు రోజూ మన ఇంటి దారి గూడ నేర్పాల్నా?"

కూతురికి తల్లి లేదు. ఇష్టం కళ్లలో కనబడుతుంటే తండ్రి ఇంకేం అడుగుతాడు? పక్కింటి లింగవ్వది కమాన్‌పూర్ వైపు. దసరాకు పుట్టింటికి పోతున్నదని తెలిసి, పోశం వాళ్ల ఊరూ అటే కాబట్టి, ఇల్లూ వాకిలీ చూసి రమ్మన్నాడు.

లింగవ్వ తిరిగొచ్చి నల్లా దగ్గర సారలమ్మను పక్కకు పిలిచింది.

"బాయిల పేరున్న పోశం ఇల్లు ఏదంటే సక్కగ చూపిచ్చిండ్రు. పెండ్లాం పొయ్యికాడ ఉన్నది. ఇద్దరు పిల్లలు. పోశం నీ మొగుని పేరేనా అంటే ఔనన్నది. ఇగ నేనేం మాట్లాడుదును, మర్లొచ్చిన."

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా సారలమ్మ చూసుకోలేదు. ఆ మాట తండ్రితో చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది. అంతకంటే ఎక్కువగా, తాను రెండుసార్లు నవ్వుకున్న రాత్రి గుర్తొచ్చి సిగ్గేసింది.

మరునాడు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒక క్రియ రాసింది. మిస్‌రిప్రజెంట్.

"ఉన్నది ఉన్నట్టు చెప్పకుండ, ఇంకో తీరుగ చూపించుడు," అంది. "వస్తువుకు వాడొచ్చు. మాటకు వాడొచ్చు. మనిషికి గూడ వాడొచ్చు. ఉదాహరణకు, పెండ్లయిన మనిషి పెండ్లి కాలేదని తనను తాను మిస్‌రిప్రజెంట్ చేసుకున్నడు."

ఆ ఉదాహరణ చెప్పేటప్పుడు ఆమె ఎవరిని చూసిందో సదయ్యకు కూడా అర్థమైంది.

"అందరూ మూడేసి వాక్యాలు రాసియ్యాలె."

అతను చాలాసేపు రాశాడు. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, అనుమానాలేవీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి ఎర్ర సిరా కలం పట్టుకుని తెరిచింది సారలమ్మ. తప్పులు వెతికే ఉద్దేశంతోనే తెరిచింది.

మై కార్డ్ మిస్‌రిప్రజెంట్స్ మీ.

ఐ మిస్‌రిప్రజెంటెడ్ మైసెల్ఫ్ యాజ్ పోశం ఫర్ త్రీ ఇయర్స్.

ఐ డిడ్ నాట్ మిస్‌రిప్రజెంట్ మై హార్ట్.

మూడింట్లోనూ తప్పు లేదు. కింద తెలుగులో ఇంకొంత ఉంది.

"పెండ్లయినోడు నేను కాదు, అసలు పోశం. మా పెదనాయిన కొడుకు. బాయిల దిగిన వారానికే భయపడి ఊరికి పోయిండు. ఆయన నౌకరీ కార్డు ఖరాబ్ కావద్దని ఇంటోళ్లు ఆ పేరు మీద నన్ను పంపిండ్రు. బొగ్గు ఎవల పేరు మీద తవ్వినా బొగ్గే అనుకున్న. కానీ పరీక్ష ఫారం మీద గూడ ఆ పేరే రాయాలె. మీ దగ్గర నేర్చుకున్న చదువు గూడ ఆయనదే అయితది. అదొక్కటి నాకు మనసున పడ్తలేదు. ఇట్లు, నర్సింగం."

ఆమె నోటుబుక్కు తీసుకెళ్లి తండ్రికి చదివి వినిపించింది. లింగవ్వ చెప్పిందీ అప్పుడే చెప్పింది.

"మంచోడే," అన్నాడు గట్టయ్య.

"మూడేండ్లు పేరు అబద్ధం చెప్పినోడు మంచోడెట్ల అయితడు, బాపూ?"

గట్టయ్య బీడీ ఆర్పి పక్కన పెట్టాడు.

"నీ బి.ఎ. సర్టిఫికెట్ల తండ్రి పేరు ఏమున్నది?"

"గట్టయ్య."

"గట్టయ్య మా మేనబావ, బిడ్డా. కొత్తగూడెంల కార్డు ఆయనకు వచ్చింది, పనికి నేను పోయిన. నా పేరు బుచ్చన్న. నిన్ను బడిల వేసిననాడు చెప్పాలనుకున్న. సారు కార్డు చూసి రాసుకున్నడు, ఊకున్న. మా అవ్వ పోయినంక ఆ పేరుతోని నన్ను పిలిచినోళ్లు లేరు."

సారలమ్మ కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. తండ్రి చేతిని పట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఎరిగిన చెయ్యి. దాని పేరు ఇవాళ తెలిసింది.

మరునాడు సాయంత్రం షెడ్డు బయట నర్సింగం చేతిలో పరీక్ష ఫారంతో నిలబడి ఉన్నాడు.

"ఏ పేరు రాస్తవు?" అంది.

"నాదే. ముందుగాల ఆఫీసుల దరఖాస్తు ఇస్త, ఉన్న సంగతి చెప్పి. మూడేండ్ల సర్వీసు పోవచ్చు. నౌకరే పోవచ్చు."

"భయమైతలేదా?"

"అయితున్నది. నౌకరీ లేనోనికి పిల్లనెవలు ఇస్తరని."

"ఆ సంగతి బుచ్చన్నను అడగాలె."

"బుచ్చన్న ఎవలు?"

"మా బాపు."

అతను ఆమె వైపు అయోమయంగా చూశాడు. కాసేపటికి సంగతి అర్థమై నెమ్మదిగా నవ్వాడు. ఇన్నాళ్లలో అతను పూర్తిగా నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

"తెల్ల కాగితం తే," అంది ఆమె. "దరఖాస్తు ఇంగ్లీషుల నేను రాస్త. సంతకం నువ్వు చెయ్యి."

నర్సింగం దరఖాస్తు ఇచ్చి వచ్చాడని తెలిసిన రోజు బుచ్చన్న చాలాసేపు అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత కూతుర్ని పిలిచాడు.

"నేను ఇన్నేండ్లల చెయ్యలేనిది ఆ పిల్లగాడు చేసిండు. ఆఫీసోళ్లు ఏమన్న అననియ్యి. నిన్ను అతనికే ఇస్త."

ఆఫీసు నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆ సోమవారం కూడా వాన రేకుల మీద గట్టిగానే పడుతోంది. సారలమ్మ హాజరు పట్టీలో ఒక పేరు కొట్టేసి, పక్కన ఇంకోటి రాసింది. వరసగా పిలుస్తూ అక్కడికి వచ్చింది. మెల్లగానే పిలిచింది.

"నర్సిం..."

"హాజర్, పంతులమ్మ."

పేరు సగంలోనే ఉంది. సదయ్య కొత్తవాడు ఎక్కడున్నాడా అని షెడ్డంతా వెతుకుతున్నాడు.