ఎర్ర కొండ దాటిన రైలు

బల్ల గుమ్మంలో పట్టలేదు.

నిలబెట్టి చూశారు, పక్కకు వాల్చి చూశారు, ఏటవాలుగా తోసి చూశారు. ఒక మూల మాత్రం లోపలికి దూరి, ఇక నా వల్ల కాదన్నట్టు అక్కడే ఇరుక్కుంది.

"గది కొలతలిచ్చారు, బాగానే ఉంది. గుమ్మం కొలత ఎవరిస్తారు?" అంది వడ్రంగి అమ్మాయి, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ.

కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు అడగలేదు కదండీ."

"అడగాలా? గోడల్లోంచి వస్తుందనుకున్నారా?"

"అసలు బల్ల వస్తోందన్న ఆనందంలో అంతవరకు ఆలోచించలేదు."

కోప్పడదామనుకున్న మనిషికి నవ్వొచ్చేసింది. వంటింట్లోంచి అబ్బాయి వాళ్ళమ్మ అందుకుంది. "ముప్పయ్యేళ్ళొచ్చాయి, బొమ్మ రైలు కోసం గదినిండా బల్లేమిట్రా అన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక!"

చివరికి వడ్రంగి అమ్మాయి బల్లను వరండాలోనే రెండుగా కోసి, లోపలికి చేర్చి, బోల్టులతో కలిపింది. గది చిన్నది. నాలుగు గోడల వెంటా బల్ల, మధ్యలో ఒక్క మనిషి నిలబడేంత ఖాళీ. అక్కడికి వెళ్ళాలంటే బల్ల కిందనుంచి దూరి వెళ్ళాలి.

గొడవంతా ఆ అతుకుతోనే వచ్చింది. వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు, రైలు అక్కడికి రాగానే పక్కకు ఒరిగిపోయేది. అతను ఫోన్ చేసేవాడు, ఆమె వచ్చి పల్చటి చెక్కముక్క దూర్చి సరిచేసి వెళ్ళేది. వాన పడితే చెక్క ఉబ్బేది, మళ్ళీ ఫోన్. ఒకరోజు ఆమె తండ్రి చిత్రిక పట్టడం ఆపి, "ఆ బల్లకేమైనా జబ్బా తల్లీ? వారంవారం చూసి రావాల్సొస్తోంది" అన్నాడు. ఆమె వినపడనట్టు స్క్రూలు ఏరుకుంటూ కూర్చుంది.

వాళ్ళింట్లో ఆమె పెళ్ళిమాట ఎత్తి చాలాకాలమైంది. వెనకొక సంబంధం దాదాపు కుదిరింది. కుర్రాడు మంచివాడే. "పెళ్ళయ్యాక ఈ రంపాలూ గింపాలూ ఎందుకులే" అని నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు. తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న పని అది. అది లేకపోతే తనలో మిగిలేది ఏమిటో ఆమెకు తెలియదు. వద్దంది. తండ్రి ఎందుకని అడగలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

ఒక సాయంత్రం ఆమె వెళ్ళేసరికి బల్ల మూల ఒక కొండ వెలిసింది. కాగితం గుజ్జుతో చేసిన కొండ. కింద సొరంగం, పైన చెట్లు. అంతా ఇటుక రంగు.

"ఇదేం కొండండీ! ఎవరైనా ఇటుకబట్టీలో కాల్చారా?" అని పకపకా నవ్వింది.

అతను నవ్వలేదు. కొండ వంకా ఆమె వంకా చూసి, "పచ్చగా లేదా?" అన్నాడు.

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

"నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ సరిగ్గా తేడా తెలియదు" అన్నాడు మెల్లగా. "చిన్నప్పటినుంచి రైలు నడపాలనుండేది. కళ్ళు పరీక్ష చేసి పంపించేశారు. తప్పులేదు లెండి, సిగ్నల్ రంగు తెలియనివాడి చేతికి రైలెవరిస్తారు? అందుకే నా రైల్లో ఎవర్నీ ఎక్కించను."

ఆమె వంగి అతుకు దగ్గర బోల్టు బిగించింది. బిగించిందే మళ్ళీ బిగించింది. వెళ్ళబోతూ తిరిగి చూసి, "ఎర్ర కొండలు కూడా ఉంటాయండీ" అంది. ఓదార్పుగా అన్నట్టుందేమోనని దారంతా తనను తాను తిట్టుకుంది.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. వానలు కురిశాయి, చెక్క ఉబ్బే ఉంటుంది, అయినా రాలేదు. ఆమె ఫోన్ తీసేది, ఏమని అడగాలో తెలియక పెట్టేసేది.

ఒక మధ్యాహ్నం అతనే తడుస్తూ వాళ్ళ షాపుకొచ్చాడు. "రంపం తీసుకుని ఒకసారి రాగలరా? కొండ కోసెయ్యాలి."

తను నవ్వినందుకేనా? మనసు చివుక్కుమంది. వాళ్ళింట్లో అడుగుపెట్టగానే తల్లి ఎదురొచ్చింది. "ఇప్పటికి బుద్ధొచ్చింది వీడికి. గది ఇలా ఉంటే ఈ ఇంటికి ఏ పిల్లొస్తుందిరా అని పోరగా పోరగా మొత్తానికి కదిలాడు."

అదన్నమాట సంగతి. ఆమె రంపం బల్లమీద కాస్త గట్టిగానే పెట్టింది.

"శుభాకాంక్షలు."

"దేనికండీ?"

"వచ్చే ఆవిడకి రైళ్ళంటే పడదేమో పాపం."

"రైళ్ళతో ఇబ్బంది లేదు. కొలతలు తప్పు చెబితే మాత్రం బాగా తిడుతుంది."

గీత గీయబోతున్న ఆమె పెన్సిల్ ఆగింది. "ఎంత కోయాలి?"

"మధ్యలో ఇంకో మనిషి నిలబడేంత."

"మనిషంటే ఎంత మనిషి? సరిగ్గా చెప్పాలి."

"మీరే వెళ్ళి నిలబడండి" అన్నాడతను. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ రంగు అతనికి కనబడదు గానీ ఆమెకు కనబడింది. "ఇంతకాలం మీరొస్తే గుమ్మంలో నిలబెట్టే మాట్లాడాను. నాకది బాగాలేదు."

ఆమె పెన్సిల్ బల్లమీద పెట్టింది. "నేను పని మాననండి."

"మానితే ఈ అతుకు ఎవరు చూస్తారు?"

"నేను హాస్యానికి అనలేదు."

అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాకిష్టమైన పని నాకు దక్కలేదు. అదెలా ఉంటుందో తెలుసు. అలాంటివాణ్ణి, మీ చేత మాన్పిస్తానా?"

ఆమె పెన్సిల్ తీసుకుని, కొండవైపు కాకుండా, రెండోవైపు రైళ్ళు నిలిపే ఖాళీ చోటు మీద గీత గీసింది.

"అటు కాదండీ, కొండ..."

"కొండ జోలికెళ్ళొద్దు" అంది రంపం ఆనిస్తూ. "అది నాక్కావాలి."

మర్నాడు పొద్దున ఆమె తండ్రితో విషయం చెప్పింది. ఆయన చేతులు దులుపుకుని, "పద, చూద్దాం" అన్నాడు. వచ్చి అబ్బాయిని పలకరించకుండా ముందు బల్లను పలకరించాడు. కాళ్ళు కుదిపి చూశాడు, అతుకు మీద బొటనవేలు రాశాడు. అప్పుడు తలెత్తాడు.

"మా అమ్మాయి పొద్దున్నే షాపుకొస్తుంది. చీకటిపడ్డాక గానీ కదలదు. ఒంటినిండా రంపపుపొట్టు. తెలుసా?"

"తెలుసండీ. బల్లమీద పడ్డ పొట్టుకి రంగువేసి గడ్డిలా అంటించాను. అది ఏ రంగో మాత్రం అడక్కండి."

పెద్దాయన మీసం కదిలింది. మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ బల్ల కిందనుంచి దూరి మధ్యలో నిలబడ్డాడు. "ఎలా తిప్పుతారు దీన్ని?"

అతను చూపించాడు. రైలు సొరంగంలోకెళ్ళి, కొండ అవతల తేలి, అతుకు దాటింది. పక్కకు ఒరగలేదు.

"అబ్బాయ్, మీ అమ్మగారిని ఒకసారి రమ్మను. మాట్లాడాలి" అన్నాడాయన, రైలు మీదనుంచి చూపు తిప్పకుండానే. "తొందరేం లేదు. ఇదొక చుట్టు తిరగనీ."

రైలు ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ఆయన కదల్లేదు. వాళ్ళిద్దరూ గుమ్మంలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఆమె వేళ్ళు అతని వేళ్ళను వెతుక్కున్నాయి.

"మీ నాన్నగారు ఇక బయటికొస్తారంటావా?" అన్నాడతను గుసగుసగా.

మొదటిసారి తనను నువ్వు అన్నాడని ఆమె గమనించింది. అతనికింకా తెలియలేదు.

"రారు" అంది ఆమె. "నువ్వెళ్ళి అత్తయ్యని పిలుచుకురా."