ఆపరేటర్ చూడని సగం

పొద్దున్న ఏడున్నరకి రెండు గ్లాసుల్లో టీ పోసి, ఆపరేటర్ కూతుర్ని పిలిచాడు. ముప్పై ఏళ్ళకు పైగా సినిమా హాల్లో బొమ్మ వేస్తున్న మనిషి. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో మిగిలింది ఆయనా, కళ్ళద్దాల షాపులో పనిచేసే కూతురూ.

కూతురు తల దువ్వుకుంటూ వచ్చి కూర్చుంది.

"నాన్నా, మీ హాల్లో ఆడే సినిమా గురించి మా షాపులో కొట్టుకు చస్తున్నారు. డాక్టరుగారేమో చెత్త అంటారు. క్యాషియరక్కేమో ప్రతి ఆడపిల్లా చూడాలంటుంది. లెన్సులు సానపట్టే అతనైతే ఆ డైరెక్టర్ని చెప్పుతో కొట్టాలంటున్నాడు."

"ఎందుకట?"

"సగం దాకా ఈలలు వేశాడట. తర్వాత లేచి వచ్చేశాడట. ఏమైందయ్యా అంటే చెప్పడు."

"వాడి మొహం. బంగారంలాంటి ప్రేమకథ. కుర్రాడు ఆ పిల్ల కోసం ప్రాణం పెడతాడు. మా కథే అనుకో."

"అయ్యో, మొదలెట్టావా?"

"పదహారు నెలలే! మీ అమ్మ టైపు నేర్చుకునే చోట, ఎదురుగా, ఎండనక వాననక నిలబడ్డాను. ఆఖరికి బ్లేడు తీసి..."

"మణికట్టు మీద పెట్టుకుంటే అమ్మ పరిగెత్తుకొచ్చి సరే అంది. తెలుసు నాన్నా. పాలు పోసే ఆయనక్కూడా తెలుసు."

ఇద్దరూ నవ్వారు. కూతురి నవ్వు ముందు ఆగింది.

"స్తంభం మళ్ళీ వచ్చింది," అంది.

షాపులో ఆడపిల్లలు పెట్టిన పేరది. మూడు నెలలుగా ఒక కుర్రాడు షాపుకి ఎదురుగా, కరెంటు స్తంభాన్ని ఆనుకుని నిలబడుతున్నాడు. 'స్తంభం ఇవాళ కొత్త చొక్కా వేసుకుంది' అని మొదట్లో వాళ్ళు నవ్వుకున్నారు. అతను బస్సు ఎక్కి ఆమె వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాక నవ్వు మానేశారు.

"మూడుసార్లు డ్యూటీ మార్పించుకున్నాను. రెండు రోజులు తిరక్కుండా కొత్త టైముకి అక్కడుంటాడు. ఎవరో చెబుతున్నారు. డ్యూటీలు వేసే క్యాషియరక్క మీద అనుమానమొచ్చి ఆవిడతో మాటలు మానేశాను. ఇక నావల్ల కాదు నాన్నా. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తా."

"అంత భయమెందుకే? కుర్రాడు మంచివాడేమో."

"మంచివాడని నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాన్లే."

ఊరికే అన్నది కాదు. ఆ కుర్రాడు రెండు నెలల కింద హాలుకి వచ్చి, 'మామయ్యగారూ' అని కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మీ అమ్మాయి లేకపోతే చచ్చిపోతానన్నాడు. ఆపరేటర్‌కి కళ్ళు చెమర్చాయి. పాతికేళ్ళ వయసులో తనే నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టు అనిపించింది. "పట్టు వదలకు. అది వాళ్ళమ్మ పోలిక. ఓ పట్టాన ఒప్పుకోదు," అని భుజం తట్టాడు. డ్యూటీ మారినప్పుడల్లా ఆ కుర్రాడు ఫోన్ చేసేవాడు. ఆపరేటర్ చెప్పేవాడు. కూతురికి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అలా అనుకునేవాళ్ళకి లోకంలో కొదవ లేదు.

కూతురు గ్లాసు కింద పెట్టింది. "ఇవాళ నాకు సెలవు. పెద్దమ్మని తీసుకుని పొద్దుటి ఆటకి వస్తున్నా. నీ బంగారంలాంటి కథేంటో చూస్తాం."

"రండి. బాల్కనీలో ముందు వరస ఉంచుతాను," అన్నాడు సంబరంగా.

పదకొండు గంటల ఆటకి హాలు నిండింది. టీవీల్లో తిట్టినకొద్దీ జనం వస్తున్నారు. ఆపరేటర్ మెషీను గదిలోని చిన్న కిటికీలోంచి కిందికి చూశాడు. ముందు వరసలో కూతురూ, పక్కన వదినా కనిపించారు. వదిన అంటే భార్యకు అక్క. సినిమాలు చూసే మనిషి కాదు. అమ్మాయి కోసం వచ్చింది.

మొదటి సగం హాలు ఊగిపోయింది. తెర మీద కుర్రాడు అమ్మాయి వెంట నడిచినప్పుడల్లా ఈలలు. వానలో ఆమె ఇంటి ముందు బ్లేడు తీసినప్పుడు కింది తరగతిలో కుర్రాళ్ళు కుర్చీలెక్కి, "తగ్గొద్దన్నా!" అని అరిచారు. తలుపు తెరుచుకుంది. అమ్మాయి పరిగెత్తుకొచ్చి కుర్రాడి చెయ్యి పట్టుకుంది. పాట. ఇంటర్వెల్.

ఇంటర్వెల్ అయ్యాక ఆపరేటర్ బొమ్మ మొదలుపెట్టి, కిటికీకి వీపు పెట్టి, భోజనం డబ్బా విప్పాడు. రీళ్ళు మార్చే రోజులు పోయాయి. బటన్ నొక్కితే బొమ్మ దానంతటదే నడుస్తుంది. అందుకని ఇంటర్వెల్ తర్వాత తినడం, కాసేపు కునుకు తీయడం ఆయనకు అలవాటైంది. ఈ సినిమా వచ్చి పదకొండు రోజులు. మొదటి సగం నలభై సార్లు చూశాడు. రెండో సగం ఒక్కసారీ చూడలేదు. కథ తనకు తెలుసనుకున్నాడు.

రెండు ముద్దలు తిన్నాక హాలు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. సౌండు పోయిందేమోనని మెషీను చూశాడు. అంతా సరిగానే ఉంది. ఎంగిలి చేత్తోనే కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

తెర మీద అదే వాన, అదే వీధి. కాని ఈసారి కెమెరా ఇంట్లో ఉంది, తలుపు వెనక. పాట లేదు. అమ్మాయి ఊపిరి మాత్రం వినపడుతోంది. ఆమె చెయ్యి గడియ దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. మొదటి సగంలో ఆమె పరుగే చూపించారు. మొహం చూపించలేదు. ఇప్పుడు ఆ మొహం తెరంతా నిండి ఉంది. అందులో ప్రేమ లేదు. నెలల తరబడి నిద్రలేని భయం ఉంది. గడియ తీసింది. పరిగెత్తింది.

"ఆపేయండ్రా! ఇదేం సినిమా!" అని కింద ఒకడు అరిచాడు. ఇందాక కుర్చీ ఎక్కినవాడే. "నోరు మూసుకుని కూర్చో," అని ఒక ఆడగొంతు గద్దించింది. ఎవరో కుర్చీ తన్నుకుంటూ బయటికి పోయాడు. బాల్కనీలో ఒకాయన భార్యని, "నువ్వెందుకేడుస్తున్నావే?" అని అడిగాడు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

ముందు వరసలో వదిన లేచింది. కుర్చీలు పట్టుకుంటూ గుడ్డిదానిలా బయటికి నడిచింది. ఆమె వెనకే కూతురు.

ఆపరేటర్ కిందికి దిగేసరికి వదిన మెట్ల మీద కూర్చుని ఉంది. కూతురు సీసాతో నీళ్ళు తాగిస్తోంది.

"ఏమైంది వదినా? కళ్ళు తిరిగాయా?"

ఆమె తలెత్తింది. ఇన్నేళ్ళుగా 'మరిదిగారూ, మీరు' అని తప్ప పిలవని మనిషి.

"నా చెల్లెలు ఆ తలుపు వెనక నా పక్కనే నిలబడింది. నువ్వు బయట బ్లేడు పట్టుకుని ఉన్నావు," అంది. "గడియ తీసింది నేనే. 'వెళ్ళవే, వాడు చస్తే ఆ పాపం మనకి చుట్టుకుంటుంది' అని నెట్టింది నేనే."

"వదినా..."

"ముందురోజు అది నాతో ఏమందో తెలుసా? 'అక్కా, ఒప్పుకుంటే కనీసం రోడ్డు మీద నడవనిస్తాడు కదే' అంది. పందొమ్మిదేళ్ళ పిల్ల! ఆ మాట ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకుని బతికాను."

ఆపరేటర్ గోడ పట్టుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది. నాకెప్పుడూ చెప్పలేదు."

"వచ్చిన ప్రతివాడికీ నువ్వు ఆ కథ చెబుతుంటే, అది లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. సిగ్గనుకున్నావు. కాపురం బాగానే చేసింది, కాదనను. నిన్ను బాగానే చూసుకుంది. కాని ఆ రోజు మాత్రం ప్రేమ కాదు."

"తప్పే వదినా. నా రోజులు వేరు. ఇప్పటి కుర్రాళ్ళు అలా కాదు. ఈ అబ్బాయి బ్లేడు అదీ ఏం లేదు, మర్యాదస్తుడు. నాతో చెప్పాడు..."

నాలిక కరుచుకున్నాడు.

కూతురు సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది. బిగిసిన మూతనే ఇంకా తిప్పుతోంది.

"ఎవరు నాన్నా? ఎవరు చెప్పారు నీతో?"

ఆపరేటర్ మెట్ల వైపు చూశాడు.

"పోయినసారి డ్యూటీ మారినప్పుడు క్యాషియరక్కకి తప్ప షాపులో అందరికీ అబద్ధం టైము చెప్పాను. వాడికి కబురు ఎవరు మోస్తున్నారో పట్టుకుందామని. అయినా వాడు సరిగ్గా వచ్చాడు." ఆమె గొంతు పెంచలేదు. "నిజం టైము తెలిసింది ఆ అక్కకీ నీకూ మాత్రమే. అందుకే అక్కని అనుమానించాను. నిన్ను లెక్కలోకే తీసుకోలేదు. నాన్నని ఎవరు అనుమానిస్తారు?"

వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నీకు మంచి జరుగుతుందని..." అన్నాడు ఆపరేటర్.

"బస్సులో వాడి ఊపిరి నా మెడకి తగులుతుంది నాన్నా."

 ఆమె కొట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. చేతికి ఎంగిలి మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. ఆ చేత్తో కూతురి తల నిమరలేకపోయాడు. శుభ్రంగా ఉన్నా నిమిరేవాడు కాదేమో.

చెయ్యి కడుక్కుని వచ్చాడు. మేనేజరుతో, తర్వాతి ఆటకి వేరే మనిషిని చూసుకోమన్నాడు.

"పద," అన్నాడు కూతురితో.

"ఎక్కడికి?"

"పోలీస్ స్టేషన్‌కి."

స్టేషన్లో బల్ల వెనక ఒక ఆడ కానిస్టేబుల్ కూర్చుని ఉంది. ఫిర్యాదు ఓపిగ్గా రాసుకుంది. కుర్రాడి ఆనవాలు, నెలలు, బస్సు నంబరు. కూతురు చెబుతుంటే వదిన ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

"నీ డ్యూటీ టైములు అతనికెలా తెలుస్తున్నాయమ్మా?"

కూతురు ఒక్క క్షణం తటపటాయించింది. "తెలీదండీ..."

"నేను చెప్పాను," అన్నాడు ఆపరేటర్. "రాయండి. మూడుసార్లు ఫోన్లో చెప్పాను. వదలొద్దని కూడా నేనే చెప్పాను."

కానిస్టేబుల్ పెన్ను ఆగింది. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరీ అమ్మాయికి ఏమవుతారు?"

"తండ్రిని."

ఆమె తల వంచి రాసింది. సంతకం పెట్టమని కాగితం ఆయన వైపు తోసింది. ఆయన పెట్టాడు. అదే గంటలో ఇద్దరు పోలీసులు వెళ్ళి, ఆమెకు ఇవాళ సెలవని తెలియక స్తంభం దగ్గరే కాచుకుని ఉన్న కుర్రాణ్ణి తీసుకొచ్చారు. "మామయ్యగారూ, మీరే కదా చెప్పారు!" అని వాడు గదిలోకి వెళుతూ ఏడ్చాడు. ఆపరేటర్ తల తిప్పుకోలేదు. "చెప్పాను. తప్పు చెప్పాను," అన్నాడు, అందరికీ వినపడేలా.

బయటికి వచ్చాక వదిన ఆటో కోసం ముందుకు నడిచింది.

"కొన్నాళ్ళు పెద్దమ్మ దగ్గరుంటాను," అంది కూతురు.

"ఉండు."

"ఎన్నాళ్ళో తెలీదు."

"నీ ఇష్టమమ్మా. నీ ఇష్టం."

నాలుగడుగులు నడిచారు. ఆమె ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

"తర్వాతైనా అమ్మకి నువ్వంటే ఇష్టం కలిగిందా నాన్నా?"

ఆపరేటర్ నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అలవాటైన జవాబులన్నీ నాలిక చివరికి వచ్చి, అక్కడే చచ్చాయి.

"తెలీదమ్మా," అన్నాడు. "ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు."

నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా, ఆయన గట్టిగా ఏడ్చాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకోలేదు. వదిలేసి ముందుకూ పోలేదు. ఏడుపు ఆగేదాకా పక్కనే నిలబడింది.