రాతి ఇంట్లో ఆఖరి రికార్డింగ్

"కట్!" అంది ఆ అమ్మాయి.

ఆ మాట అనాల్సింది డైరెక్టర్. అన్నది సౌండ్ రికార్డిస్ట్. రాతి ఇంట్లో యూనిట్ అంతా డైరెక్టర్ వైపు తిరిగింది.

"ఈ సినిమాకి డైరెక్టర్ మీరా, నేనా?"

"మీరే సార్. కానీ తలుపు సందులోంచి గాలి ఈల వేస్తోంది. తల్లి ఏడుస్తుంటే ఈల వినబడితే బాగుంటుందా?"

"కొండ మీద గాలి కాక ఏం వీస్తుంది?"

"అయితే మైకు గాలికే పెట్టేస్తాను. అదే నటిస్తుంది."

తల్లి వేషం వేస్తున్న పెద్దావిడ పక్కున నవ్వింది. "దొరికిందిరా అబ్బాయ్, నీకు తగ్గది!"

అతను నవ్వలేదు. మెడలో మఫ్లర్ తీసి సందులో కుక్కాడు.

అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పే. చెట్టన్నది మొలవని ఆ కొండ మీద, చెవులు కోసే చలిలో, అతను ఒక కుటుంబం కథ తీస్తున్నాడు. అలిగిన తల్లి నీళ్ళ గ్లాసు ఎంత దూరం జరపాలో కూడా తనే చూపించేవాడు. తనని భోజనానికి పిలిచేవాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. ఫోన్ మోగితే ప్రొడక్షన్ మేనేజరే.

ఒక సాయంత్రం అందరూ కింద లాడ్జికి దిగిపోయాక, మరిచిపోయిన కేబుల్ కోసం ఆమె వెనక్కి వచ్చింది. సినిమాలో కొడుకు కూర్చునే కుర్చీలో అతను ఒక్కడే కూర్చుని, చల్లారిన అన్నం తింటున్నాడు.

"షూటింగ్ అయిపోయింది కదా సార్?"

"లైటింగ్ చూస్తున్నా."

"నోటితోనా?"

అతనికి పొలమారింది. ఆమె నీళ్ళు అందించి ఎదురుగా కూర్చుంది. అతని భోజనం అయ్యేదాకా కేబుల్ చుట్టుకుంటూ అక్కడే ఉంది. ఆ పూట అతనికి ముద్ద గొంతు దిగింది.

ఆఖరి రోజు వచ్చింది. మంచు ముంచుకొస్తోంది, దారి మూసేస్తారు. సామాను వ్యానులోనే ఆమె కొండ దిగి వెళ్ళిపోవాలి. అవతల మరో సినిమా, మరో ఊరు. ఆమెకి చెప్పాల్సిన మాట పొద్దుటినుంచీ అతని నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఏం చెయ్యాలో తోచక ప్రతి షాటుకీ "వన్ మోర్" అంటున్నాడు.

"ఎన్నిసార్లు ఏడవను నాయనా! కన్నీళ్ళు గడ్డకడుతున్నాయి" అంది పెద్దావిడ.

ఇక మిగిలింది గది మౌనం. మాటల మధ్య ఖాళీల్లో వేసుకోవడానికి, అందరూ కదలకుండా నిలబడితే దాన్ని కాసేపు రికార్డు చేస్తారు. అప్పుడు ఎవరు దగ్గినా అతను చీల్చి చెండాడేవాడు.

"సైలెన్స్. రోలింగ్."

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. ఈ రికార్డింగ్ అయిపోగానే మైకు పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోతుంది.

"వెళ్ళకండి" అన్నాడతను. "అంటే... వెళ్ళండి, పని కదా. తర్వాత నా దగ్గరికి వచ్చేయండి. నాకు ఒక్కడికీ అన్నం సహించడం లేదు."

యూనిట్ నోరు వెళ్ళబెట్టింది. ఆమె కళ్ళు తెరిచింది.

"సైలెన్స్ పాడైంది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి డైరెక్టర్ గారు కూడా నోరు మూసుకోవాలి."

మళ్ళీ మౌనం. జవాబు అడగడానికి లేదు, కదలడానికి లేదు. అతనికి ఆ కాసేపు ఒక యుగమైంది.

ఆమె మిషను ఆపి, హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుంది.

"ఆ సినిమా ఎండాకాలానికి అయిపోతుంది. మా నాన్నగారు ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు. పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని రండి."

అతని ముఖం చిన్నబోయింది. "నాకెవరూ..."

"ఏం, నేను చచ్చానా?" అంది పెద్దావిడ. "ఇన్నాళ్ళూ నీకోసం ఏడ్చిందెవరు? ఆ ఆదివారానికి డేట్స్ ఇచ్చేశా, పో!"

వ్యాను మంచులో కలిసిపోయేదాకా అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. వెనక ఇల్లంతా బోసిగా ఉంది. ఎండాకాలం చాలా దూరంలో ఉంది. అయినా ఎదురుచూడటానికి ఇన్నేళ్ళకి ఒక మనిషి దొరికింది.