కూర్చోలేని అమ్ము, జావ కుండ

పొద్దున పది కూడా కాలేదు. అమ్ము అప్పటికే ఏడుసార్లు లేచింది.

“ఒక్కచోట కూర్చోవే తల్లీ! కాలుగాలిన పిల్లిలాగ ఏంది ఆ తిరుగుడు?” అంది పక్కన గాజులమ్మే సుధారాణి.

అమ్ము కూర్చుంది. మళ్లీ లేచింది. పదకొండేళ్ల పిల్లకి జావ కుండ ముందు కూర్చోవడం కంటే పెద్ద శిక్ష ఇంకోటి ఉంటుందా, మీరే చెప్పండి!

కిష్టారంలో ఆ రోజు సంత. ప్రతి సంతకీ అమ్ము వాళ్లమ్మ సోమమ్మ రాగిజావ కాచి తెస్తుంది. అడ్డాకు దొప్పలో జావ పోసి, ఒక ఉల్లిపాయ ముక్క, ఒక పచ్చిమిరపకాయ చేతిలో పెడుతుంది. ఈ రోజు సోమమ్మ రేషన్ కార్డు పని మీద బస్సెక్కి కోంటా పట్నం వెళ్లింది. అందుకే అమ్ముని కూర్చోబెట్టింది.

నిజం చెప్పాలంటే, అమ్ము తిరుగుడికి ఇంకో కారణం కూడా ఉంది. భయం. పోయిన రెండు సంతల్లో సగం జావ మిగిలిపోయింది. “ఈసారి కూడా మిగిలితే నేను మిర్చి ఏరడానికి భద్రాచలం వైపు పోవాల్సిందే. రెండు నెలలు నువ్వు పెద్దమ్మ ఇంట్ల ఉండు,” అంది అమ్మ రాత్రి. కూలీలను తీసుకెళ్లే మేస్త్రి ముత్తయ్య బండి ఎల్లుండే బయల్దేరుతుంది.

అమ్మ లేకుండా రెండు నెలలా! ఆ మాట గుర్తొస్తే చాలు, అమ్ము కాళ్లు వాటంతటవే లేచిపోతున్నాయి.

జావ కుండ దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఎదురుగా రాంప్రసాద్ ఐసు బండి దగ్గర మాత్రం ఒకటే గుంపు. అతను సుక్మా నుంచి బైకు మీద పెద్ద డబ్బా పెట్టుకొచ్చి పుల్ల ఐసులు అమ్ముతాడు. ఐసు తురిమి, ఎర్రటి షర్బత్ పోసి కూడా ఇస్తాడు.

‘జావ ఎవరిక్కావాలి? అందరికీ ఐసే కావాలి!’ అనుకుంది అమ్ము. అంతే, బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. మెరిసిన ప్రతి ఆలోచనా మంచిదే అయితే మనకి ఈ కథే ఉండేది కాదు.

రాంప్రసాద్ దగ్గర కాగితం కప్పులు అయిపోయాయి. అమ్ము దగ్గర సంచి నిండా దొప్పలున్నాయి. ఈ సంతలో ఇప్పపువ్వు ఇచ్చి ఉప్పు తీసుకుంటారు, కోడినిచ్చి తువ్వాలు తీసుకుంటారు. దొప్పలిచ్చి ఐసులు తీసుకుంటే తప్పేముంది?

“దొప్పలన్నీ నీకు. ఇరవై ఐసులు నాకు. సరేనా భయ్యా?”

“పక్కా?” అన్నాడతను.

“పక్కా!” అంది అమ్ము.

స్టీలు క్యానులో ఐసులు వేసుకుని సంతంతా పరిగెత్తింది. మూడు అమ్ముడుపోయాయి. నాలుగోది తీయబోతే చేతికి పుల్ల ఒక్కటే వచ్చింది. మార్చి ఎండ ఊరుకుంటుందా? క్యాను అడుగున ఎర్రనీళ్లు, పైన తేలుతున్న పుల్లలు. అమ్ముకి ఏడుపు తన్నుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే అడవి దారి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చి, నెత్తి మీది గంపలు దించుకున్నారు.

“సోమమ్మ లేదా? జావ పొయ్యవే బిడ్డా, మూడు దొప్పలు. పొద్దుటి నుంచి నడుస్తనే ఉన్నం.”

అమ్ము గరిటె తీసింది. సంచిలో చెయ్యి పెట్టింది. నాలుక్కరుచుకుంది. జావ ఉంది, పోయడానికి దొప్ప లేదు! రాంప్రసాద్ బండి వైపు చూసింది. దొప్పలన్నీ షర్బత్ మరకలతో నేలమీద దొర్లుతున్నాయి.

“దొప్పలు... అయిపోయినయి,” అంది నేల చూస్తూ.

 వాళ్లు కుండ వైపు ఒకసారి చూసి, గంపలెత్తుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. అమ్ము ప్రాణం ఉసూరుమంది.

“అత్తా, నా కుండ చూస్తుండవా?” అని సుధారాణికి అప్పజెప్పి, అడ్డాకు కోసం పరుగు తీసింది.

సంత చివర తను అమ్మే చింతపండు కుప్ప పక్కన ముసలి ఇర్మవ్వ కూర్చుని ఉంది. గంప మీద పచ్చటి అడ్డాకులు కప్పి ఉన్నాయి.

“అవ్వా, ఆ ఆకులు నాకిస్తవా?”

“ఇస్త గానీ, ముందు నాకు జావ తే. వాసన ఇందాకటి నుంచి ఇక్కడిదాకా వస్తాంది.”

“మరి వచ్చి తాగొచ్చు గదా?”

ఇర్మవ్వ నవ్వింది. “లేస్తే ఈ కుప్ప ఎవరు చూస్తరే? సరుకు కొనే సేటు మనుషులు ఎప్పుడొస్తరో తెల్వది. మనిషి లేకుంటే పక్క కుప్ప తూచుకుని పోతరు. ఇక్కడున్న అందరి గతీ ఇంతే.”

అమ్ము అటూ ఇటూ చూసింది. వరసగా కుప్పలు. ఒక్కో కుప్ప దగ్గర ఒక్కో ఆడమనిషి. నలభై మంది ఉంటారేమో. అందరూ చీకటితో బయల్దేరినవాళ్లే, ఒక్కరూ లేవలేనివాళ్లే.

‘అయ్యో! వీళ్లు అక్కడికి రాలేరు. జావ ఇక్కడికి రావాలి. అంతేగా!’

వెంటనే అవ్వ గంప మీది ఆకు తీసి దొప్ప కుట్టింది. నీళ్లు పోస్తే కారిపోయింది. ఇర్మవ్వ లాక్కుని, ఒక ఆకు మీద ఇంకో ఆకు అడ్డంగా వేసి మడిచి, పుల్ల గుచ్చి చూపించింది. రెండోది కాస్త నయం. ఐదోది నిలిచింది. ఆకులు అయిపోయేదాకా ఇద్దరూ కుట్టారు.

అమ్ము క్యాను శుభ్రంగా కడిగి జావ నింపుకొచ్చింది. మొదటి దొప్ప ఇర్మవ్వకి ఇచ్చింది. ఇర్మవ్వ రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని గటగటా తాగి, “హా...” అంది.

అమ్ము అలాగే నిలబడి చూసింది. తాగింది ఇర్మవ్వ, కడుపు నిండింది అమ్ముకి. ఎంత సంతోషమేసిందో!

“ఏయ్ జావ పిల్లా, ఇటు!” అని ఎవరో కేకేశారు. “ఇక్కడ కూడా!” అని ఇంకొకరు. ఇక చూడాలి ఆ పరుగులు! క్యాను నింపడం, పోయడం, డబ్బులు తీసుకోవడం, మళ్లీ నింపడం. ఇందాక జావ తాగకుండా వెళ్లిన ముగ్గురూ చివరి వరసలో కనిపించారు. “తప్పయింది అత్తా,” అని వాళ్లకి నిండా పోసింది.

సాయంత్రం సోమమ్మ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ముత్తయ్య మేస్త్రి కూలీల పేర్ల కాగితం పట్టుకుని ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. “నీ పేరు రాయమంటవా సోమమ్మా?” అన్నాడు.

అమ్ము అడ్డం వచ్చి జరిగిందంతా చెప్పేసింది. ఐసుల సంగతి కూడా దాచలేదు.

“వారమంతా కుట్టిన దొప్పలు ఐసులకిచ్చినవా?” అమ్మ గొంతు లేచింది.

“ఊఁ.” అమ్ముకి కన్నీళ్లొచ్చాయి.

సోమమ్మ కుండలోకి చూసింది. అడుగున నాలుగు గరిటెల జావ కూడా లేదు.

“కుప్పల కాడికి పోయినవా?” అంది మెల్లగా. “ఇన్నేళ్లు ఆ కుప్పల మధ్య నుంచే నడిచి పోయిన. నాకు తట్టనేలేదు చూడు!”

“రాయాల్నా, వద్దా?” అన్నాడు ముత్తయ్య.

“వద్దులే అన్నా. నేను రాను.”

మూడోనాడు తెల్లవారుజామున కూలీల బండి హారన్ కొడుతూ వాకిలి ముందు నుంచే వెళ్లింది. సోమమ్మ తలెత్తి చూసింది. అమ్ము చూడలేదు. అప్పుడే కుట్టిన దొప్పలో నీళ్లు పోసి, ఎక్కడైనా కారుతుందేమోనని ఎత్తి పట్టుకుని చూస్తోంది.