గీత దాటిన నీళ్ళు

నా దగ్గర మొదట ఉన్నది నలభై రెండు వేలు. అందులో ఇరవై ఆరు వేలకు ఒక పాత అక్వేరియం, ఆరు వేలకు మోటారూ ఫిల్టరూ, రెండున్నర వేలకు అరచేయంత చేపపిల్ల. మిగిలింది మేతకి. చేప రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. మన జెల్లల జాతే. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్ర తోక, మూతికి పొడవాటి మీసాలు. నోట్లో పట్టే దేన్నైనా మింగేస్తుంది, పక్కన ఈదే చేపతో సహా. హోటల్ హాల్లో గోడంత అక్వేరియం కట్టించుకున్న మేనేజరొకడు, మూడడుగుల చేప తెస్తే లక్షన్నర ఇస్తానన్నాడు. నలభై రెండు వేలు పెడితే లక్షన్నర. ఇంతకంటే మంచి లెక్క నాకెవరూ చూపించలేదు.

పెట్టిన చోటు అక్కావాళ్ళ మేడ మీది ఇంట్లో ముందుగది. తర్వాత అక్క నెల తప్పింది. నన్ను తిట్టలేదు, ఒకే ఒక్క మాట చెప్పింది. బిడ్డ పుట్టేసరికి ఆ గది కావాలి, ఉయ్యాల అక్కడే. నేను సరేనన్నాను. అప్పటికి చేప రెండడుగులైంది. ఇంకొక్క అడుగే కదా అనుకున్నాను.

ఆ ఒక్క అడుగూ రాలేదు.

క్యాట్‌ఫిష్‌కి చీకటి పడ్డాకే ఆకలి. సాయంత్రం లైటు తీసేసి కోడి ముక్కలు, చిన్న చేపలు వేసేవాణ్ణి. గుప్‌మని ఒక శబ్దం. నీళ్ళు ఊగి ఆగేవి. ముక్కలన్నీ మాయం. పొద్దున కొలిస్తే అదే రెండడుగులు. మేత పెంచాను. రెండడుగులు. మేత మార్చాను. రెండడుగులు. టేపే తప్పేమోనని కొత్తది కొన్నాను, అది కూడా అదే మాట చెప్పింది. బావ ఎలక్ట్రీషియన్. పనినుంచి రాగానే టెస్టర్ జేబులో పెట్టుకునే, దొరగారు ఇవాళైనా ఎదిగారా లేక భోంచేసి పడుకున్నారా అని అడిగేవాడు. ఇంట్లో కూర్చుని తినే అల్లుళ్ళని చూశాను గానీ నువ్వు డబ్బిచ్చి తెచ్చుకున్నావు బావమరిదీ, అనేవాడు. పళ్ళు కొరుక్కోవడం తప్ప ఏం చేస్తాను. పోసిందంతా బూడిదలో పన్నీరే.

అసలు చిరాకు నీళ్ళతో మొదలైంది.

నీళ్ళు మార్చేటప్పుడు పది బకెట్లు తీస్తే పదే పోస్తాను. అద్దం మీద మార్కరుతో గీత గీసుకున్నాను, నీళ్ళు ఆ గీత దగ్గర ఉండాలి. ఒకరోజు చూస్తే గీతకి వేలెడు పైన ఉన్నాయి. నేను తప్పు పోశాననుకుని తోడేశాను. వారం తిరక్కుండా మళ్ళీ పైకి. ఇది బావ పనేనని బావతో పోట్లాటకి దిగాను. అంత తీరికే ఉంటే నిన్నే ముంచేవాణ్ణి కదరా అన్నాడు. మూత చుట్టూ టేపు అంటించాను. టేపు చెక్కు చెదరలేదు. నీళ్ళు మాత్రం ఇంకాస్త లేచాయి.

నిండు బిందెలో చెయ్యి పెడితే నీళ్ళు పైకొస్తాయి. అంతే సూత్రం. నా అక్వేరియం పొడవు వెడల్పులకి నీళ్ళు ఒక సెంటీమీటరు లేచాయంటే పదకొండు కిలోలు లోపల చేరినట్టు. మొత్తం మూడు సెంటీమీటర్లు లేచాయి. ముప్ఫై మూడు కిలోలు. చేప ఎదగడం ఆగిన దగ్గర్నుంచి నేను వేసిన మేత ఎంతో కూడి చూశాను. ముప్ఫై మూడు కిలోలు.

మేత ఎక్కడికీ పోలేదు. అలాగే ఉంది. చేపలో మాత్రం లేదు.

ఎవరికి చెప్పినా నవ్వే లెక్క. అందుకే చెప్పలేదు. మేనేజరు కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని, రెండడుగుల చేపనే సగం ధరకి ఒప్పించాను. మనుషులు వచ్చి తడి సంచిలో దాన్ని ఎత్తుకుపోయారు. సంచిలో అది విదిలించుకోలేదు. చివరికి ఇంటినుంచి బయటపడుతున్నట్టు నెమ్మదిగా ఉండిపోయింది.

వాళ్ళు మెట్లు దిగాక నీళ్ళు చూశాను. చేప పోయినందుకు అర సెంటీమీటరు దిగాయి. మిగతావి దిగలేదు.

అక్క కొంగు దోపుకుని స్పాంజీతో వచ్చింది. గది కడిగేసి రేపే ఉయ్యాల కట్టించేస్తానంది. చేయి నీళ్ళలో పెట్టబోతుంటే మణికట్టు పట్టుకున్నాను. చేప పోయాక నీళ్ళకి కూడా కాపలా ఏమిట్రా అని విసుక్కుంది. ఫ్రిజ్‌లోంచి ఒక కోడి ముక్క తెచ్చి, ఆ ఖాళీ నీళ్ళలో వేశాను.

ముక్క మునిగింది. సగం దాకా దిగింది.

ఆగింది.

ఎవరో అరచేతిలో పట్టుకున్నట్టు నీళ్ళ మధ్యన అలాగే నిలబడింది. తర్వాత చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఇక లేదు.

అక్క స్పాంజీ వదిలేసి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. బావ వచ్చాక మళ్ళీ ఒక ముక్క వేసి చూపించాం. బావ అద్దం దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను అడుగున ఉన్న గొట్టం తెరిచి నీళ్ళన్నీ వదిలేద్దామన్నాను.

"నీళ్ళు పోతే... అదెక్కడికి పోతుంది?" అంది అక్క.

గొట్టం మీంచి చెయ్యి తీసేశాను. పొద్దున్నే అక్కని బావావాళ్ళమ్మ దగ్గరికి పంపాలని, ఈలోగా దానికి ఏమీ వెయ్యకూడదని అనుకున్నాం. తిండి లేకపోతే అదే చస్తుంది. అందరికీ సబబుగానే తోచింది.

చీకటి పడింది. మేత వేళ దాటింది. ముగ్గురం లోపలిగదిలో అన్నాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మోటారు గురగుర వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి అది ఆగింది. ఫ్యాను ఆగింది. లైటు ఆరింది.

కిటికీలోంచి ఎదురింటి లైట్లు కనిపిస్తున్నాయి.

"లైను పోలేదురా. మనింట్లోనే..." బావ గుసగుసగా అన్నాడు.

అప్పుడొచ్చింది వాసన. చెరువు ఎండిపోయేటప్పుడు అడుగున మిగిలే బురద వాసన. దాని వెనకే శబ్దం. తడిబట్టల మూటని నేల మీద ఈడ్చినట్టు... కాస్త ఈడ్చి, ఆగి... మళ్ళీ ఈడ్చి. మా గది వైపు వచ్చింది. తలుపు అవతల ఆగింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. తలుపు కిందనుంచి సన్నగా నీళ్ళు లోపలికి పాకాయి. నా కాలివేళ్ళకి తగిలాయి.

వెచ్చగా ఉన్నాయి.

తర్వాత శబ్దం వెనక్కి తిరిగింది. వీధితలుపు గడియ తీసిన చప్పుడు. నిదానంగా, ఇంట్లో మనిషి తీసినట్టు.

ఫోను లైటు వేసుకుని నేనూ బావా వెళ్ళాం. మూత అద్దం గోడకి జాగ్రత్తగా చేర్చి ఉంది. నీళ్ళు గీతకి కాస్త కిందకి దిగిపోయి ఉన్నాయి. నేల మీద తడిజాడ, తెరిచిన తలుపు దాకా. అవతల మెట్లు, చీకటి. ఆ క్షణంలో తలుపు మూసేయాలి. ఎవడైనా అదే చేస్తాడు. నేను మాత్రం నీళ్ళ వైపు చూస్తూ, ఎంత దిగాయో లెక్క కడుతూ నిలబడ్డాను. లెక్క తేలేలోపే మెట్ల మీద అలికిడి. ఎవరో పైకి వస్తున్నారు... బావ నా చొక్కా పట్టుకుని లోపలిగదిలోకి లాగి గడియ పెట్టాడు.

విన్నాం. వీధితలుపు మూసుకుంది. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్ళ చప్పుడు... ఎవరో తొందరేమీ లేకుండా తొట్టిలో దిగినట్టు. కేక లేదు. పెనుగులాట లేదు. లైటు దానంతటదే వెలిగింది.

తెల్లారేదాకా ఎవరం కదల్లేదు. నేనే ముందు లేచాను. వీధితలుపుకి లోపల గడియ పెట్టే ఉంది. మూత దాని చోట ఉంది. నీళ్ళు తేటగా, గాజులా ఉన్నాయి. టేపు పెట్టాను. రాత్రి నేను చూసిన దగ్గర్నుంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు లేచాయి. అందులో మూడు పాతవి. ఆరున్నర కొత్తవి.

ఆరున్నరని పదకొండుతో హెచ్చించాను. డెబ్బై ఒకటిన్నర.

ఒక మనిషి. కాస్త ఒళ్ళున్న మగవాడై ఉంటాడు. మేం ముగ్గురం ఉన్నాం. కింది వాటావాళ్ళు ఊళ్ళో లేరు. మరి ఎవరు, మా మెట్లు ఎందుకెక్కాడు? అంచుకి ఇంకా నాలుగు వేళ్ళ చోటుంది. దీన్ని ఆకలితో ఉంచకూడదు. కడుపు నింపితే పెరుగుతుంది. ఎటు తిప్పినా తేలని లెక్క ఇది. ముందు ఇంతకంటే పెద్ద అక్వేరియం కావాలి. అద్దాలు కోసేవాడు కొట్టు తెరిచే వేళయింది, వాడికి అడ్వాన్సు ఇవ్వాలి.

గడియ తీశాను. పై మెట్టు మీద చెప్పులున్నాయి. మర్యాదగా విడిచి, కొసలు మా గుమ్మం వైపు తిప్పి పెట్టారు. మగవాడివి కావు. ఆడమనిషి చెప్పులు. మహా అయితే యాభై ఐదు కిలోల మనిషి. హమ్మయ్య, నా లెక్క తప్పింది అనుకున్నాను.

వాటి పక్కనే ఇంకో జత ఉంది. నా అరచేయంత. లెక్క సరిపోయింది.

లోపల అక్క సంచి సర్దడం అయిపోయింది. నడుం పట్టుకుని గుమ్మం వైపు వస్తోంది. తను చూసేలోపు రెండు జతలూ తీసేయాలి. నేను వంగాను.